మంచి ఫొటోకు తగ్గ పేపర్ ఎంచుకోవడం ఎలా?

ఫొటో అదే, ప్రింటర్ అదే, ఇంక్ అదే. పేపర్ ఒక్కటి మార్చి చూడండి, ఫొటో మారిపోతుంది. లంబసింగిలో తెల్లవారుజామున తీసిన పొగమంచు ఫొటోను గ్లాసీ పేపర్ మీద వేస్తే మంచు కన్నా ముందు పేపర్ మెరుపే కంటికి తగులుతుంది. మెరుపు లేని కాటన్ పేపర్ మీద వేస్తే చెట్ల వెనక చెట్లు ఒక్కొక్కటీ పలచబడుతూ మంచులో కలిసిపోవడం కనిపిస్తుంది. చార్మినార్ దగ్గర రాత్రిపూట తీసిన ఫొటోకు ఇదంతా తిరగబడుతుంది. కాటన్ మ్యాట్ మీద ఆ రాత్రి బూడిదరంగుకు దిగిపోతుంది. బరైటా అనే మెత్తటి మెరుపున్న పేపర్ మీద చీకటి చీకటిగానే ఉంటుంది, దీపాలు వెలుగుతాయి.

‘ఏ పేపర్ మంచిది?’ అన్న ప్రశ్నకు అందుకే ఒక్క మాటలో జవాబు లేదు. ముందు ఫొటో, తర్వాత పేపర్. కొత్తవాళ్లలో చాలామంది దీనికి ఎదురు నడుస్తారు. పేరున్న కంపెనీ పేపర్ ఒక ప్యాకెట్ కొని, చేతిలో ఉన్న ఫొటోలన్నీ దానిమీదే వేసి, సగం నచ్చక, ప్రింటింగ్ మనకు అచ్చిరాదని వదిలేస్తారు. ఫైన్ ఆర్ట్ పేపర్ ఖరీదు మామూలు గ్లాసీ పేపర్‌కు ఎన్నో రెట్లు. కాబట్టి కొనేముందు కాస్త తెలుసుకోవడం డబ్బుకూ మంచిది, ఫొటోకూ మంచిది. ఇప్పటిదాకా ల్యాబ్‌లో గ్లాసీ ప్రింట్లు వేయించుకున్నవాళ్లు, ఇప్పుడు సొంతంగా ఇంక్‌జెట్ మీద నాణ్యమైన ప్రింట్ తీయాలనుకుంటున్నవాళ్లు ఈ వరసలో వెళ్తే దారి తప్పరు.

1. ముందు ఫొటోను చదవండి

మీ దగ్గరున్నవాటిలో గోడమీద పెట్టుకోవాలనిపించే ఫొటో ఒకటి తీసుకోండి. దాన్ని చూస్తూ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో చిక్కటి నలుపు ఎంత ఉంది? దీని ప్రాణం సన్నటి వివరాల్లో ఉందా, మెత్తటి ఛాయల్లో ఉందా? చివరికి దీన్ని ఎవరు, ఎక్కడ, ఎంత దూరం నుంచి చూస్తారు?

నలుపు గురించి అడగడానికి కారణం ఉంది. ఒక పేపర్ మీద ఎంత గాఢమైన నలుపు సాధ్యమో కొలిచే అంకెను డీమ్యాక్స్ అంటారు. మంచి కాటన్ మ్యాట్ పేపర్ మీద అది సుమారు 1.6 దగ్గర ఆగుతుంది. బరైటా మీద 2.3 దాకా వెళ్తుంది. అంకెల్లో తేడా చిన్నదిగా ఉన్నా ఇది లాగరిథమ్ లెక్క. 1.6 అంటే ఆ నలుపు మీద పడ్డ వెలుతురులో రెండున్నర శాతం తిరిగి కంటికి వస్తోందని అర్థం. 2.3 అంటే అర శాతమే వస్తోందని. అంటే మ్యాట్ మీది నలుపు బరైటా మీది నలుపు కన్నా ఐదు రెట్లు వెలుతురును వెనక్కి పంపుతోంది. రాత్రి దృశ్యాలు, వేదిక మీద నాట్యం, చీకటి గడపలో నిలబడ్డ మనిషి లాంటి ఫొటోలకు ఈ తేడా చావుబతుకుల సమస్య. పొగమంచుకు, ముగ్గుకు, తెల్లచీర కట్టుకున్న ముసలావిడ ముఖానికి అది అసలు సమస్యే కాదు. వాటిలో అంత నలుపు ఎక్కడుంది?

ఇక వివరాల సంగతి. పోచంపల్లి ఇక్కత్ చీరను దగ్గరగా తీసిన ఫొటో ఉందనుకోండి. దాన్ని గరుకుగా, ఎగుడుదిగుడుగా ఉండే టెక్స్‌చర్డ్ పేపర్ మీద వేయకండి. బట్ట నేత ఒక పక్క, పేపర్ గరుకు మరో పక్క, రెండూ ఒకదాన్నొకటి చెరుపుకుంటాయి. నునుపు పేపర్ మీద వేస్తే దారం దారం విడిగా కనిపిస్తుంది. గరుకు పేపర్లు విశాలమైన ఆకాశం, నీరు, గోడలు ఉన్న ఫొటోలకు బాగుంటాయి.

2. మీ ప్రింటర్‌లో ఏ ఇంక్ ఉందో తెలుసుకోండి

ఇంక్‌జెట్ ఇంకులు రెండు జాతులు. డై ఇంక్‌లో రంగు ద్రవంలో పూర్తిగా కరిగిపోయి ఉంటుంది. పిగ్మెంట్ ఇంక్‌లో రంగు సన్నటి రేణువులుగా తేలుతూ ఉంటుంది. డై ఇంక్ పేపర్ పూతలోకి ఇంకిపోతుంది, రంగులు మిలమిలలాడతాయి, కానీ వెలుతురుకూ గాలికీ త్వరగా వెలిసిపోతుంది. పిగ్మెంట్ రేణువులు పూత పైభాగంలో నిలుస్తాయి. సరైన పేపర్ మీద దశాబ్దాల పాటు తట్టుకుంటాయి.

మన స్టూడియోల్లో, ఇళ్లల్లో ఎక్కువగా కనిపించే ఎప్సన్ ఎల్8050, ఎల్18050 లాంటి ట్యాంకు ప్రింటర్లలో ఆరు రంగుల డై ఇంక్ ఉంటుంది. వాటిలో మ్యాట్ బ్లాక్ అనే ప్రత్యేకమైన నలుపు లేదు. మెరుపులేని కాటన్ పేపర్ మీద నిండైన నలుపు రావాలంటే కావాల్సింది ఆ ఇంకే. ఎప్సన్ పీ700, పీ900, క్యానన్ ప్రో-300, ప్రో-1000 లాంటి పిగ్మెంట్ ప్రింటర్లలో ఫొటో బ్లాక్, మ్యాట్ బ్లాక్ రెండూ ఉంటాయి. మెరిసే పేపర్‌కు మొదటిది, మ్యాట్ పేపర్‌కు రెండోది వాడాలి. మీరు పేపర్ రకం సరిగ్గా చెబితే ఏది వాడాలో ప్రింటరే తేల్చుకుంటుంది.

డై ఇంక్ ప్రింటర్ ఉన్నవాళ్లు నిరాశ పడొద్దు. లస్టర్, శాటిన్, బరైటా పేపర్ల మీద అది చక్కటి ప్రింట్ ఇస్తుంది. నేర్చుకోవడానికి అది చాలు. అయితే అమ్మకానికి పెట్టే ప్రింట్‌కూ మనవళ్లకు మిగలాలనుకునే ప్రింట్‌కూ పిగ్మెంట్ ఇంకే వాడాలన్నది నా గట్టి అభిప్రాయం. ఖరీదైన కాటన్ పేపర్ కొని దానిమీద వెలిసిపోయే ఇంక్ వేయడంలో అర్థం లేదు.

ఇదే ప్రశ్నకు రెండో వైపు కూడా ఉంది. చవక గ్లాసీ పేపర్లు చాలావరకు డై ఇంక్ కోసం చేసినవి. వాటిమీద పిగ్మెంట్ ఇంక్ వేస్తే ఇంకకుండా పైపైనే ఉండి, వేలితో రాస్తే చెదిరిపోతుంది. ప్యాకెట్ మీద ఏ ఇంక్‌కు పనికొస్తుందో రాసి ఉంటుంది, తప్పక చదవండి.

3. పైపూతను బట్టి మూడు కుటుంబాలు

ఫైన్ ఆర్ట్ పేపర్ అంటే ఉత్త కాగితం కాదు. కాగితం మీద ఇంక్‌ను పట్టుకునే పూత ఒకటి ఉంటుంది. అది లేకపోతే ఏమవుతుందో చూడాలంటే మామూలు జెరాక్స్ పేపర్ మీదో, పూత లేని చేతికాగితం మీదో ఒక ఫొటో వేయండి. ఇంక్ చుక్క నారలోకి పాకుతుంది, అంచులు చెదురుతాయి, ఎరుపు ఇటుకరంగుకు తిరుగుతుంది. పూత పని చుక్కను పడ్డచోటే ఆపడం.

ఈ పూతల వెనక కొంత చరిత్ర ఉంది. 1991లో గాయకుడు గ్రాహమ్ నాష్, ఆయన మిత్రుడు మ్యాక్ హోల్బర్ట్ కాలిఫోర్నియాలో నాష్ ఎడిషన్స్ అనే ప్రింట్ స్టూడియో పెట్టి, ప్రింటింగ్ ప్రెస్సుల్లో రంగుల నమూనాలు చూసుకోవడానికి తయారైన ఐరిస్ యంత్రంతో దళసరి వాటర్‌కలర్ పేపర్ మీద ఫొటోలు వేశారు. డిజిటల్ ఫైన్ ఆర్ట్ ప్రింట్ అక్కడే ఊపందుకుంది. ఆనాటి ఐరిస్ ఇంకులు త్వరగా వెలిసిపోయేవి. ఇవాళ మన చేతికందే పూత పేపర్లూ పిగ్మెంట్ ఇంకులూ ఆ లోటును పూడ్చే ప్రయత్నంలో వచ్చినవే.

మొదటి కుటుంబం మ్యాట్. మెరుపు ఉండదు, ఏ కోణం నుంచి చూసినా లైటు ప్రతిబింబం పడదు. ముట్టుకుంటే మెత్తగా బట్టలా ఉంటుంది. జర్మనీకి చెందిన హానెమ్యూలె కంపెనీ ఫొటో రాగ్ 308, ఫ్రాన్స్‌కు చెందిన క్యాన్సన్ ఇన్ఫినిటీ వారి రాగ్ ఫొటోగ్రఫిక్ 310 ఈ కుటుంబంలో అందరికీ తెలిసినవి. రెండూ నూరు శాతం కాటన్. ఈ కంపెనీల్లో మొదటిది 1584 నుంచి, రెండోది 1557 నుంచి కాగితం చేస్తున్నాయి. ఈ పేపర్లను చేత్తో పట్టుకున్నప్పుడు ఆ అనుభవం తెలుస్తుంది.

రెండోది బరైటా. డార్క్‌రూమ్ రోజుల్లో మంచి ఫైబర్ పేపర్ మీద బేరియం సల్ఫేట్ పొర వేసేవారు. తెల్లదనం, మెత్తటి మెరుపు దానివల్లే వచ్చేవి. అదే పొరను ఇంక్‌జెట్ పేపర్‌లోకి తెచ్చారు. హానెమ్యూలె ఫొటో రాగ్ బరైటా 315, క్యాన్సన్ బరైటా ఫొటోగ్రఫిక్ 310 ఇలాంటివి. నలుపు లోతుగా ఉంటుంది, తెలుపు నుంచి నలుపు దాకా మెట్లన్నీ విడివిడిగా కనిపిస్తాయి. నలుపు-తెలుపు ఫొటోలు ఇష్టపడేవాళ్లు ఒక్కసారి దీనిమీద ప్రింట్ చూస్తే మళ్లీ గ్లాసీ వైపు వెళ్లరు. ఒక ఇబ్బంది ఉంది. పైపొర సుకుమారమైనది, గోరు తగిలినా గీత పడుతుంది.

మూడోది ఆర్సీ, అంటే రెండు వైపులా ప్లాస్టిక్ పొర తొడిగిన పేపర్. లస్టర్, శాటిన్, పెర్ల్ అనే పేర్లతో దొరికేవి చాలావరకు ఇవే. ల్యాబ్ ప్రింట్ అలవాటున్న చేతికి ఇవి కొత్తగా అనిపించవు. నిజం చెప్పాలంటే ఇవి ఫైన్ ఆర్ట్ పేపర్లు కావు. కానీ చవక, గట్టివి, త్వరగా ఆరతాయి. పరీక్ష ప్రింట్లకు, పెళ్లి ఫొటోలకు, చేతులు మారే ఆల్బమ్‌లకు నేను వీటినే సిఫారసు చేస్తాను.

వీటికి బయట మరికొన్ని ఉన్నాయి. జపాన్‌లోని తొకుషిమాలో అవగామి వారు చేసే వాషీ పేపర్లు, హానెమ్యూలె వారి వెదురు పేపర్ లాంటివి. తొంభై శాతం వెదురు నార, పది శాతం కాటన్‌తో చేసిన ఆ పేపర్‌కు సహజమైన లేత పసుపు ఛాయ ఉంటుంది. మనుషుల ముఖాలకు బాగా నప్పుతుంది. కానీ ఇవి రెండో ఏడాది ముచ్చట్లు.

4. లోపలి నార ఏమిటి?

ప్యాకెట్ మీద ‘ఫైన్ ఆర్ట్’ అని ఉంటే సరిపోదు. ఆ మాట ఎవరైనా అచ్చేసుకోవచ్చు. దాని కింద సన్న అక్షరాల్లో ఉండే మూడు సంగతులు చూడండి: నార, తెల్లదనం, బరువు.

నారలో మేలైనది కాటన్. దాని తర్వాత ఆల్ఫా సెల్యులోజ్, అంటే చెక్క గుజ్జులోంచి లిగ్నిన్ తీసేయగా మిగిలిన శుద్ధమైన నార. వార్తాపత్రిక ఎండలో పసుపెక్కడానికి కారణం ఆ లిగ్నినే. రెండు రకాల్లోనూ ఆమ్లం ఉండకూడదు. ఆమ్లాన్ని అడ్డుకోవడానికి క్యాల్షియం కార్బొనేట్ కలుపుతారు. కాగితం మన్నికకు ఐఎస్ఓ 9706 అనే ప్రమాణం ఉంది. ప్యాకెట్ మీద ఆ అంకె కనబడితే నమ్మకంగా తీసుకోవచ్చు.

సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపి ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్ దయాళ్ ప్రింట్లను ఇవాళ కూడా చూడగలుగుతున్నాం. ఆ కాలపు ఆల్బుమెన్ ప్రింట్లకు ఆధారం గుడ్డపీలికల గుజ్జుతో చేసిన పలుచని మేలిరకం కాగితం. దానిమీద కోడిగుడ్డు తెల్లసొన పూత, ఆ పూతలో వెండి. కింది నార మంచిదైతే పైనున్నది నిలుస్తుందని పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు తెలుసు.

మొదటి ప్యాకెట్‌కే కాటన్ కావాలా అంటే, మ్యాట్‌లో కావాలనే అంటాను. బరైటాలో ఆల్ఫా సెల్యులోజ్‌తో మొదలుపెట్టినా ఏమీ నష్టం లేదు. కంటికి కనిపించేది పైపొరే కాబట్టి.

5. తెల్లదనాన్ని నీలి లైటు కింద పరీక్షించండి

షాపులో రెండు పేపర్లు పక్కపక్కన పెడితే ఎక్కువ తెల్లగా మెరిసేదే మంచిదనిపిస్తుంది. ఆ తెలుపు చాలాసార్లు రసాయనం పుణ్యం. ఆప్టికల్ బ్రైట్‌నర్ అనే పదార్థం కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలిరంగు వెలుతురుగా బయటికి పంపుతుంది. చొక్కాలకు తెల్లదనం తెచ్చే సబ్బుపొడుల్లో ఉండేదీ ఇలాంటిదే. కాలం గడిచేకొద్దీ ఆ శక్తి పోయి పేపర్ తన అసలు రంగుకు దిగుతుంది. ఒకే గోడమీద పక్కపక్కనే ఉన్న రెండు ప్రింట్లలో ఒకటి పసుపెక్కినట్టు కనిపిస్తే కారణం ఇదే కావచ్చు. ఇంకో చిక్కు కూడా ఉంది. అతినీలలోహిత కాంతి తక్కువగా ఉండే ఎల్ఈడీ లైట్ల కింద, ఆ కాంతిని అడ్డుకునే అద్దం వెనక ఈ తెలుపు అసలు పనిచేయదు.

దీన్ని ఇంట్లోనే తేల్చుకోవచ్చు. దొంగనోట్లు పట్టడానికి దుకాణాల్లో వాడే నీలి టార్చి ఒకటి తెచ్చుకుని గదిలో లైట్లు ఆర్పేయండి. టేబుల్ మీద ఒక జెరాక్స్ కాగితం, దాని పక్కన మీ ఫైన్ ఆర్ట్ పేపర్, దాని పక్కన ఒక వంద రూపాయల నోటు పెట్టి టార్చి వేయండి. జెరాక్స్ కాగితం నీలంగా భగ్గుమంటుంది. నోటు కాగితం మసకగా ఉండిపోతుంది, అక్కడక్కడా దారాలూ అంకెలూ మాత్రం వెలుగుతాయి. మన నోట్ల కాగితం నూరు శాతం కాటన్, దాంట్లో బ్రైట్‌నర్ లేదు. మీ పేపర్ నోటులా మసకగా ఉంటే బ్రైట్‌నర్ లేనిది. జెరాక్స్ కాగితంలా వెలిగితే నిండా ఉన్నది. రెంటికీ మధ్యలో ఉంటే కొద్దిగా ఉన్నట్టు.

కొద్దిగా ఉంటే కంగారు పడక్కర్లేదు. ఎంతో పేరున్న ఫొటో రాగ్‌లోనూ కొంచెం ఉంది. రాగ్ ఫొటోగ్రఫిక్‌లో అసలు లేదు. చాలాకాలం గోడమీద ఉండాల్సిన వాటికి, అమ్మేవాటికి లేనిదే తీసుకోండి. మొదట కాస్త మీగడరంగుగా అనిపిస్తుంది. పక్కన వేరే తెలుపు లేకపోతే కన్ను రెండు నిమిషాల్లో అలవాటు పడిపోతుంది.

6. బరువు, మందం, మీ ప్రింటర్ నోరు

జెరాక్స్ కాగితం చదరపు మీటరుకు 70 నుంచి 80 గ్రాములు. ఫొటో రాగ్ 308 గ్రాములు, మందం 0.48 మిల్లీమీటర్లు. దాన్ని ప్రింటర్ మింగగలదా అన్నది మాన్యువల్‌లో చూసుకోవాలి. మామూలు ట్రే ఒకలా, ఒక్కొక్క షీటే పెట్టే దారి మరోలా ఉంటాయి. మందపాటి పేపర్‌కు రెండోదే సరైనది. ప్రింటర్‌కు మందం ఎక్కువనిపిస్తే తక్కువ బరువులో అదే పేపర్ దొరుకుతుంది. ఫొటో రాగ్ 188 గ్రాముల్లో, రాగ్ ఫొటోగ్రఫిక్ 210 గ్రాముల్లో ఉన్నాయి. పటం కట్టించాక అద్దం వెనక బరువు తేడా ఎవరికీ తెలియదు.

7. చిన్న ప్యాకెట్‌తో పరీక్ష

పెద్ద కంపెనీలు నమూనా ప్యాకెట్లు అమ్ముతాయి. ఒక్కో రకం పేపర్ ఏ4 సైజులో రెండేసి షీట్లు ఉంటాయి. ముందు అది కొనండి. అన్ని పేపర్ల మీదా ఒకే ఫొటో వేయండి. ఫొటో మారిస్తే పోల్చడానికి ఏమీ మిగలదు. ఆ ఫొటోలో మనిషి చర్మం, చిక్కటి నీడ, తెల్లటి బట్ట, ఒక నిండైన రంగు ఉండేలా చూసుకోండి. పెళ్లిపందిట్లో తీసిన ఫొటోల్లో ఇవన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. ఏ4 ఖర్చెక్కువ అనిపిస్తే షీటును సగం చేసి వాడండి.

ప్రింట్లను రోజంతా ఆరనివ్వండి. తర్వాత ట్యూబ్‌లైటు కింద కాదు, ఉదయం పూట కిటికీ దగ్గర నేరుగా ఎండ పడని చోట వరసగా పరవండి. కాస్త వంచి పక్కవాటుగా కూడా చూడండి. బరైటా మీద పిగ్మెంట్ ఇంక్ పడినచోట, పడని తెల్లటిచోట మెరుపు ఒకేలా ఉందా? నీడల్లో రాగి రంగు తళుకు కనిపిస్తోందా? ఇవి ఎదురుగా చూస్తే తెలియవు.

హైదరాబాద్ మాదాపూర్‌లోని స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ఫొటో ప్రదర్శనలు జరుగుతుంటాయి. వీలైతే వెళ్లి ప్రింట్లను రెండు అడుగుల దూరం నుంచి చూడండి. నచ్చినది ఏ పేపరో నిర్వాహకులను అడగండి. ఫోన్ తెరమీద ఎన్ని చదివినా ఒక మంచి ప్రింట్ ముందు నిలబడితే వచ్చే తెలివి రాదు.

8. ప్రొఫైల్ లేకుండా ప్రింట్ వద్దు

పేపర్ ఎంపిక సగం పనే. ఒక్కో పేపర్ ఒక్కో ఇంక్‌ను ఒక్కోలా పీల్చుకుంటుంది. ఫలానా ప్రింటర్ మీద ఫలానా పేపర్ రంగులను ఎలా చూపిస్తుందో కంప్యూటర్‌కు చెప్పే ఫైలును ఐసీసీ ప్రొఫైల్ అంటారు. పేపర్ కంపెనీ వాళ్లే తమ సైట్లో ఉచితంగా ఇస్తారు. మీ ప్రింటర్ మోడల్, మీ పేపర్ పేరు రెండూ కలిసినదే దింపుకోవాలి. దాంతోపాటు, ప్రింటర్‌లో మీడియా టైప్ కింద ఏది ఎంచుకోవాలో కూడా రాసి ఉంటుంది. అది అక్షరాలా పాటించండి. ఎంత ఇంక్ పోయాలి, ఏ నలుపు వాడాలి, ప్రింట్ హెడ్ ఎంత ఎత్తులో ఉండాలి అన్నవి ఆ ఒక్క ఎంపికతోనే తేలతాయి. మీ ట్యాంకు ప్రింటర్‌కు ప్రొఫైల్ దొరక్కపోతే, రంగుల చార్టు ప్రింట్ చేయించి యంత్రంతో కొలిచి ప్రొఫైల్ తయారుచేసి ఇచ్చేవాళ్లు ఉన్నారు. పేపర్ డీలర్‌ను అడగండి.

లైట్‌రూమ్‌లోగానీ ఫొటోషాప్‌లోగానీ ప్రింట్ ఇచ్చేటప్పుడు రంగుల పెత్తనం సాఫ్ట్‌వేర్‌కు అప్పగించి, ఆ ప్రొఫైల్ ఎంచుకుని, ప్రింటర్ డ్రైవర్‌లో కలర్ మేనేజ్‌మెంట్ ఆపేయండి. రెండూ ఆన్‌లో ఉంటే రంగుల దిద్దుబాటు రెండుసార్లు జరిగి ముఖాలు ఎర్రబారడమో పాలిపోవడమో జరుగుతుంది.

అంతకు ముందే సాఫ్ట్ ప్రూఫ్ చేయాలి. అంటే ఆ పేపర్ మీద ఫొటో ఎలా వస్తుందో తెరమీదే చూడడం. పేపర్ తెలుపు, ఇంక్ నలుపు చూపించే గడికి టిక్ పెట్టగానే ఫొటో ఒక్కసారిగా నీరసించినట్టు అవుతుంది. అనుభవజ్ఞులు ఆ క్షణంలో తెరవైపు చూడరు. టిక్ పెట్టి, ముఖం తిప్పుకుని, ఆగి చూస్తారు. అప్పుడు కన్ను ఆ కొత్త తెలుపును తెలుపుగానే ఒప్పుకుంటుంది. మ్యాట్ పేపర్ కోసమైతే మధ్యఛాయల్లో కొంచెం కాంట్రాస్ట్ పెంచండి, నీడలను కొంచెం పైకి లేపండి. ఈ మార్పులను ఆ పేపర్ పేరుతో వేరే కాపీగా భద్రపరచండి.

‘ప్రింట్ నల్లగా వచ్చింది’ అన్నది కొత్తవాళ్ల నోట ఎక్కువగా వినిపించే మాట. చాలావరకు తప్పు పేపర్‌ది కాదు, మానిటర్‌ది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడున్న వెలుతురుతోనే మానిటర్‌ను వాడితే చీకటి ఫొటో కూడా వెలుగుగా కనిపిస్తుంది. ప్రింట్ కోసం పనిచేసేటప్పుడు దాని వెలుతురును చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల మధ్య ఉంచాలి. కొలిచే పరికరం లేనివాళ్లు తెల్లటి ఖాళీ పేజీని తెరమీద తెరిచి, పక్కన వెలుతురులో తెల్ల పేపర్ పట్టుకుని, రెండూ ఒకే మోతాదులో కనిపించేదాకా మానిటర్ వెలుతురు తగ్గించుకోవచ్చు.

సైజు సంగతి క్లుప్తంగా చెప్తాను. అంగుళానికి 300 చుక్కల లెక్కన ఏ4కు 2480×3508 పిక్సెళ్లు కావాలి. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫైలు ఏ3 ప్లస్ దాకా హాయిగా సరిపోతుంది.

9. ప్రింట్ తీసే రోజు

మ్యాట్ పేపర్‌లో ఏ వైపు పూత ఉందో చూపుకు తెలియదు. సాధారణంగా ప్యాకెట్‌లో పైకి ఉన్న వైపే. అనుమానం ఉంటే పెదవికి మూలను ఆనించండి, పూత ఉన్న వైపు కొద్దిగా అంటుకుంటుంది. కాటన్ పేపర్‌కు దుమ్ములాంటి నూగు ఉంటుంది. దానిమీద ఇంక్ పడి, తర్వాత ఆ నూగు రాలిపోతే నీడలో తెల్లచుక్క మిగులుతుంది. మెత్తటి వెడల్పు కుంచెతో పేపర్‌ను ఒకే దిశలో రెండుసార్లు దులిపి, అప్పుడు ప్రింటర్‌లో పెట్టండి. ఇది చిన్న పనే, కానీ దీన్ని దాటేసినవాళ్లు ఎన్నో మంచి షీట్లు పారేసుకుంటారు.

కాకినాడ, మచిలీపట్నం, విశాఖ లాంటి తీరప్రాంతాల్లో, వానాకాలంలో ఎక్కడైనా, పేపర్ తేమ పీల్చి అంచులు లేస్తాయి. లేచిన మూలకు ప్రింట్ హెడ్ తగిలితే నల్లటి మరకలు పడతాయి, హెడ్ కూడా పాడవుతుంది. కావలసిన షీటు తీసుకుని మిగతావి వెంటనే అసలు కవరులోనే మూసేయండి, పడుకోబెట్టి ఉంచండి. వంపు తిరిగిన షీటును మరో శుభ్రమైన కాగితంతో కలిపి ఎదురుదిశలో వదులుగా చుట్టి కాసేపు ఉంచితే తిన్నగా అవుతుంది. చెమట చేతులతో పట్టుకోవద్దు. కాటన్ గ్లవుజులు వేసుకోండి, లేదా అంచులు మాత్రమే పట్టుకోండి.

ప్రింట్ బయటికి రాగానే దానిమీద తీర్పు చెప్పకండి. రంగులు కుదురుకోవడానికి సమయం కావాలి. కనీసం ఒక రోజు ఆరాకే పటం కట్టించడానికి ఇవ్వండి. తడి ఉండగా అద్దం వేస్తే లోపల పొగపట్టినట్టు అవుతుంది. ఫ్రేమ్ షాపులో రెండు మాటలు గట్టిగా చెప్పండి: మౌంట్ బోర్డు ఆమ్లం లేనిదే కావాలి, ప్రింట్ అద్దానికి తగలకూడదు. ప్రింట్ వెనక గమ్ పూసి అట్టకు అంటించే అలవాటు చాలా షాపుల్లో ఉంది. దానికి ఒప్పుకోవద్దు.

ప్రింటర్ లేనివాళ్లు

ప్రింటర్ కొనకుండా కూడా ఇదంతా సాధ్యమే. హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలో ఈ పేపర్ల మీద ప్రింట్ వేసి ఇచ్చే ల్యాబ్‌లు ఉన్నాయి. ‘ఆర్కైవల్ ప్రింట్’ అన్న మాటతో సరిపెట్టుకోకుండా కంపెనీ పేరు, పేపర్ పేరు, ఇంక్ పిగ్మెంటా కాదా అని అడగండి. వాళ్ల ప్రొఫైల్ పంపమనండి, సాఫ్ట్ ప్రూఫ్ మీరే చేసుకోవచ్చు. పెద్ద ప్రింట్‌కు ముందు అదే పేపర్ మీద చిన్న ముక్క వేయించుకోండి. ఈ ప్రశ్నలకు ఓపిగ్గా జవాబు చెప్పే ల్యాబ్ దొరికితే వదలొద్దు.

ఇక కొనడమే మిగిలింది. పిగ్మెంట్ ప్రింటర్ ఉంటే కాటన్ మ్యాట్ ఒకటి, బరైటా ఒకటి కొనండి. డై ఇంక్ ప్రింటర్ ఉంటే బరైటా ఒకటి, లస్టర్ ఒకటి. రెండూ ఏ4లోనే, చిన్న ప్యాకెట్లే. ప్రతి ప్రింట్ వెనక అంచున మెత్తటి పెన్సిల్‌తో పేపర్ పేరు, ప్రొఫైల్, తేదీ రాసిపెట్టండి. ఆ రెండు ప్యాకెట్లూ పూర్తయ్యేదాకా మూడో రకం పేపర్ కొనవద్దు.